ఎర్ర కాగితం కింద

సావిత్రమ్మ బొటనవేలి గోరు మొగ్గ మొదట్లో గుండ్రంగా తిరిగింది. రేపు విచ్చుకోవలసిన పత్తి మొగ్గ అది. రేకులూ, వాటి లోపల అంటుకొని ఉండే పుప్పొడి గుత్తీ ఒక్క ముక్కగా ఊడి చేతిలోకి వచ్చాయి. కొమ్మకు మిగిలింది అగ్గిపుల్లలో సగమంత కాడ. దాని మీద ఎర్ర కాగితపు గొట్టం తొడిగి పక్క మొగ్గకు జరిగింది. రేపు ఎండెక్కాక ఆ కాగితం తీసి, మగ సాళ్లలో పూసిన పువ్వు తెచ్చి కాడకు రుద్దాలి. అప్పటిదాకా ఈగ కూడా ముట్టకూడదు. గిల్లినప్పుడు లోపల నాలుగు పుప్పొడి గింజలు మిగిలినా మొగ్గ తనకు తానే కాయ కడుతుంది. అట్లాంటి కాయలు కలిస్తే విత్తనం ఫెయిలని కంపెనీవాళ్లు తిప్పి పంపుతారు.

అందుకే సీడు పత్తి చేన్లో ఎవరూ పాటలు పాడరు.

మాట్లాడేది నాగేంద్రమ్మ ఒక్కతే. చేను ఆమెది. పదిమంది కూలి మనుషులను పెట్టి కూడా గట్టు పక్కనున్న రెండు సాళ్లు తానే పట్టేది. కాగితం తొడిగాక దాని కొసను పొట్లం చుట్టినట్టు మెలిపెట్టడం ఆమె అలవాటు.

“నా కాగితం గాలికి పోదు,” అంది ఆ పూట కూడా. “మీరు తొడిగినయి జూడుండ్రి, తెల్లారెటాలకు సగం కిందనే ఉంటయి. పని మీద మనసుంటె గదా.”

“మెలి పెట్టుకుంట ఆమె ఒక మొగ్గ జేసే లోపట మనం నాలుగు జేస్తం,” అని కిష్టమ్మ గొణిగింది.

సావిత్రమ్మ నవ్వలేదు. పోయినేడు తన అత్త రుక్కమ్మను నాగేంద్రమ్మ వెళ్లగొట్టింది ఈ చేన్లో నుంచే.

గట్టు మీద తుమ్మ నీడలో సావిత్రమ్మ బిడ్డ అఖిల కూర్చొని ఉంది. రెండేళ్ల పిల్ల. కాళ్ల మధ్య అట్ట పుస్తకం. పుటకొక గంపో, గూడో, గుడిసెనో గీసి, దాని మీద ఎర్ర అట్టతో ఒక రెక్క అతికించారు. రెక్క లేపితే కింద ఒక జీవం ఉంటుంది.

“ఎవలు?” అని అఖిల తనను తానే అడిగింది. రెక్క లేపింది. గంప కింద గుడ్ల మీద పొదిగిన కోడి. రెండు చేతులూ చరిచింది. “శాబాస్!”

“ఏందే అది?” నాగేంద్రమ్మ సాల్లో నుంచే అరిచింది. “చేన్లనే బడి పెట్టినవా?”

“అంగన్‌వాడీల ఇచ్చిండ్రు అమ్మా. ఇంటికి తీస్కపోయి పిల్లలకు జూపియ్యమన్నరు.”

“గుడ్లు ఇయ్యనీకె దిక్కు లేదు గని బొమ్మలిస్తుండ్రా.”

ఆ మాట వారం కింద తల్లులు కూడా అన్నారు. టీచరు గీత అందరి వేలిముద్రలు తీసుకొని పుస్తకాలు పంచుతుంటే, గుడ్డు ఎప్పుడిస్తవని అడిగారు. గీతకు కోపం వచ్చింది. “రెక్క మీరు లేపొద్దు, పిల్లనే లేపాలె. లేపే ముందు ఎవలని అడగాలె. లేపినంక చప్పట్లు కొట్టి శాబాసనాలె. చింపిండ్రో, నేను ఊకోను. వచ్చే వారం శుక్కురారం హైదరాబాదు నుంచి సారొచ్చి ఒక్కొక్కల్ని అడుగుతడు,” అని గదమాయించింది.

సావిత్రమ్మకు చదువు రాదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. అన్నం ఉడికేలోగా, బిడ్డకు నీళ్లు పోసేలోగా, ఎన్నిసార్లు లేపితే అన్నిసార్లు చప్పట్లు కొట్టింది.

పొద్దు వాలేసరికి మనుషులంతా చేను అవతలి కొసకు చేరారు. చెట్లు రొమ్ముల ఎత్తు ఉన్నాయి. గట్టు కనిపించదు. మధ్యమధ్య చిన్న చప్పట్లు మాత్రం వినిపించాయి. ఆ చప్పుడు ఉన్నంతసేపూ బిడ్డ ఎటూ పోలేదని సావిత్రమ్మకు ధైర్యం.

ఇంటికి వచ్చి చేతులు కడుగుతుంటే అఖిల పిడికిట్లో ఎర్ర కాగితం ముక్క దొరికింది. కొస మెలిపెట్టి ఉంది. గాలికి పడిందేమో అనుకొని సావిత్రమ్మ దాన్ని పొయ్యిలో వేసింది.

మర్నాడు తొమ్మిది గంటలకు కూలివాళ్లు చేరేసరికి నాగేంద్రమ్మ గట్టు మీద నిలబడి ఉంది. ఆమె కాళ్ల ముందు ఎర్ర కాగితాలు కుప్పగా ఉన్నాయి.

“ఎవలి పని గిది?”

నాగేంద్రమ్మ పట్టిన రెండు సాళ్లలో, గట్టు నుంచి ఇరవై చెట్ల దాకా, కాగితాలు ఊడిపోయి ఉన్నాయి. అన్నీ కాదు. నడుము ఎత్తు దాకానే. ఆ పైన ఎప్పటిలా ఎర్రగా మెలితిరిగి నిలబడే ఉన్నాయి.

“కోతులేమో అమ్మా,” అంది కిష్టమ్మ.

“కోతులైతె మీదియి విడిచిపెడ్తయా? జూడు, ఎవల చెయ్యి ఎంత దాక అందుతదో జూడు.”

అందరి కళ్లూ ఒకేసారి కిందికి దిగాయి. సావిత్రమ్మ కొంగు పట్టుకొని నిలబడిన అఖిల, ఇంతమంది తనను చూస్తున్నారని సంబరపడింది. కొంగు విడిచింది. ఇరవై ఒకటో చెట్టు దగ్గరికి నడిచి, కింది కొమ్మకున్న ఎర్ర కాగితం మీద వేలు పెట్టింది.

“ఎవలు?”

కాగితం లాగింది. కాడను చూసింది. చప్పట్లు కొట్టి తల్లి వైపు తిరిగింది. “శాబాస్!”

సావిత్రమ్మ బిడ్డను చంకలోకి లాక్కునేలోగా నాగేంద్రమ్మ పుస్తకం గుంజుకుంది.

“గిదా మీరు నేర్పుతున్నది? ఊరోళ్ల సొమ్ము మూతలు తీసి, మీదికెల్లి చప్పట్లా?”

“తెల్వని పిల్ల అమ్మా. నేను అవుతల ఉంటి...”

“నువ్వు అవుతలుంటవు. మీ అత్త యాడనో చూసుకుంట గిల్లుతది. పోయినేడు ఆమె పుణ్యాన సీడు ఫెయిలాయె, ఈ ఏడు నీ బిడ్డ పుణ్యాన. మీ ఇంటోళ్లకు నా చేను ఏం పాపం జేసిందే?”

సావిత్రమ్మ వంగి కింది మొగ్గ మీద చెయ్యి వేయబోయింది. “కాగితం తీసినయి గిల్లి పారేస్త. తతిమ్మాయి...”

“ముట్టకు! ఈ రెండు సాళ్లు ఎవ్వలు ముట్టొద్దు. రేపు పదింటికి కంపెనీ సారు చెకింగుకు వస్తడు. సాలు జూపిస్త, ఈ బుక్కు జూపిస్త. ధరూరు మండలంల ఏ సీడు చేన్ల గూడ నిన్ను అడుగు పెట్టనియ్య. నడువు ఇంటికి.”

పదిమందిలో ఒక్కరు కూడా సావిత్రమ్మ వైపు చూడలేదు. మగ పువ్వుల కోసం డబ్బాలు తీసుకొని సాళ్లలోకి దిగారు. కిష్టమ్మ పోతూ పోతూ అంది: “బిడ్డను ఇంట్ల దించి రావాలె గని, చేన్లకు బుక్కులు తెస్తరా ఎవలన్న?”

సావిత్రమ్మ నేరుగా అంగన్‌వాడీకి పోయింది. గీత పప్పు కొలుస్తోంది. విషయమంతా విని కొలత గిన్నె పక్కన పెట్టింది.

“బుక్కు నాగేంద్రమ్మ కాడ ఉన్నదా?”

“అవు టీచరమ్మ. మీరొచ్చి ఒక మాట చెప్తె వింటది. మీరు చెప్పినట్లనే జేసిన నేను. ఎవలని అడుగుమంటిరి, చప్పట్లు కొట్టుమంటిరి.”

“బుక్కుల అడుగుమన్న. చేన్ల అడుగుమన్ననా?” గీత గొంతు పెంచింది. “నీ కూలి సంగతి నాకు తెల్వదు. ఎల్లుండి సారొస్తడు. పన్నెండు బుక్కులు ఇచ్చినట్లు రాసిన, పన్నెండు ఉండాలె. ఎట్ల తెస్తవో తేపో.”

సాయంత్రం మొగుడు జయరాజు బస్తాలు మోసే పని నుంచి వచ్చేసరికే ఊళ్లో విని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“సదువు రానోళ్లింట్ల బుక్కు పెడితె గిట్లనే అయితది,” అన్నాడు. “ఇంగ ఎవల చేన్ల పెట్టుకుంటరు నిన్ను? కర్నాటకకు పోవాలె, చెరుకు కొట్టనీకె. ఈ పిల్లను మెడకు కట్టుకొని పోదువు.”

అఖిల తండ్రి నెత్తికి చుట్టిన తువ్వాలను చూసింది. “ఎవలు?” అని దాన్ని లాగబోయింది. జయరాజు చెయ్యి లేచింది. దెబ్బ పడకముందే రుక్కమ్మ మనవరాలిని అవతలికి తీసుకుంది.

“పిల్లనెందుకు కొడ్తవురా? నాగేంద్రమ్మకు ఒక ఒంక గావాలె. పోయినేడు నేను దొరికిన.” రుక్కమ్మ తన బొటనవేలు దీపం వైపు పెట్టి చూసుకుంది. గోరు అరిగి నున్నగా ఉంది. “పదారేండ్లు గిల్లిన ఈ గోరుతోని. గిల్లినంక ఒకసారి వేలు పెట్టి తడుముత. పిండి తగిలితె మళ్ల తీస్త. నా సాల్ల పుప్పొడి ఎట్ల మిగిలెనో ఇప్పటికి నాకు సమజ్ గాదు.”

ఏడాదిగా ఆమె చెబుతున్న మాటే అది. వినీ వినీ ఇంట్లో ఎవరూ దానికి బదులు చెప్పడం మానేశారు.

మూడో రోజు మంచు ఆరకముందే సావిత్రమ్మ బిడ్డను చంకనేసుకొని చేనుకు పోయింది. పుస్తకం అడిగి తెచ్చుకోవాలన్నదే ఆమె ఆలోచన. కంపెనీ సారు చూడకముందు. కాళ్లు పట్టుకోవాల్సి వస్తే పట్టుకోవాలి.

నాగేంద్రమ్మ ఇంకా రాలేదు. సావిత్రమ్మ గట్టు దిగి ఆ సాలు ముందు కూర్చుంది. బిడ్డ విప్పిన మొగ్గలు వరుసగా ఎదురుగా ఉన్నాయి. చేతికి పని అలవాటు. ఒక మొగ్గను దగ్గరికి వంచింది.

కాడ మొదట్లో పుప్పొడి గింజలు చుట్టూ ఉంగరంలా మిగిలి ఉన్నాయి. గోరు పైకి పడింది. రేకులు పోయాయి గాని పుప్పొడి పోలేదు. నిన్నటి ఎండకు అవి పగిలి కాడంతా పసుపు పూసినట్టయింది.

పక్క మొగ్గ చూసింది. అదీ అంతే. దాని పక్కది బాగుంది. ఆ తరువాతి మూడూ అంతే.

బిడ్డను దించి లేచి నిలబడింది. అటూ ఇటూ చూసి, అఖిల చెయ్యి అందని ఎత్తులో ఉన్న ఒక కాగితం మెలి విప్పింది. ఇంకొకటి విప్పింది. సాలు మధ్యకు పోయి నాలుగు విప్పింది. విప్పిన ఆరింటిలో నాలుగింటికి పుప్పొడి అంటి ఉంది. తన సాల్లోకి పోయి మూడు చూసింది, కిష్టమ్మ సాల్లో మూడు చూసింది. కాడలు కడిగినట్టున్నాయి.

తిరిగి వచ్చి, మెలిపెట్టిన కాగితాన్ని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది.

“ఇంగెందుకొచ్చినవే? రావొద్దన్న గదా.” నాగేంద్రమ్మ గట్టు మీది నుంచి. చేతిసంచిలో పుస్తకం అంచు కనబడుతోంది.

“బుక్కు కోసం వచ్చిన అమ్మా.”

“సారు జూసినంక ఇస్త.”

సావిత్రమ్మ ఒక మొగ్గను తొడిమతో తుంచి చాచింది. “గిది జర జూడు.”

నాగేంద్రమ్మ దాన్ని తీసుకొని చెయ్యి దూరంగా పెట్టింది. తరువాత ముక్కు దాకా తెచ్చింది. “ఏమున్నది? సక్కగ గిల్లి ఉన్నది. నీ బిడ్డ ముట్టకుంటె బంగారమసొంటి మొగ్గ.”

బారెడు దూరం నుంచి కూడా ఆ పసుపు సావిత్రమ్మకు కనిపిస్తోంది. ఆమె నాగేంద్రమ్మ ముఖంలోకి చూసింది. అబద్ధమాడే ముఖం కాదది. కంటి నల్లగుడ్డు మీద పల్చని మజ్జిగ తేట లాంటి తెలుపు. ఇన్నాళ్లూ ఆ ముఖాన్ని తలెత్తి చూసింది లేదు.

“వేలు పెట్టి రుద్దు అమ్మా.”

“ఏందే నీ...” అంటూనే నాగేంద్రమ్మ రుద్దింది. ఆమె వేళ్లు ఆగాయి. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి మెల్లగా రాసుకున్నాయి. మొగ్గను కింద పడేసి, సాల్లోకి దిగి, తాను మెలిపెట్టిన కాగితం తానే విప్పి తడిమింది. ఇంకొకటి. ఇంకొకటి. మూడో చెట్టు దగ్గర కొమ్మ విరిగింది.

అఖిల ఆమె వెనకే పోయింది. కాగితం ఊడిన ప్రతిసారీ చప్పట్లు కొట్టింది.

“పట్టుకో నీ పిల్లను!”

సావిత్రమ్మ బిడ్డ చేతులు పట్టుకుంది.

నాగేంద్రమ్మ తిరిగి రాలేదు. అటు ముఖం పెట్టే అడిగింది. “ఎన్ని దినాల సందో?”

“నాకేం తెల్సు అమ్మా. పోయినేడు గూడ ఈ రెండు సాళ్లు నువ్వే పట్టినవు.”

“నోరు మూయి.” నాగేంద్రమ్మ చేతిలోని కాగితాన్ని నలిపింది. “బెదిరిస్తున్నవా?”

“లేదు. చూపిస్తున్న.”

“ఏం గావాలె నీకు?”

సావిత్రమ్మ తల వంచుకొని, గోటి కింద ఇరుక్కున్న పుప్పొడిని ఇంకో గోరుతో తీసింది. “రెండు సాళ్లల ఉన్న మొగ్గలన్ని తెంపి దులపాలె. గిల్లుడు మొదలైన ఈ పదిహేను దినాల కాయ గూడ దులపాలె. లేకుంటె చేనంత ఫెయిలైతది. పదింటి లోపట అయితది, అందరం పడితె.”

“అది నాకు తెల్వదా? సారు అడుగుతడు, ఎందుకు దులిపిండ్రని. ఏం జెప్పాలె? నాకు కండ్లు...” నాగేంద్రమ్మ కొంగుతో వేళ్లు తుడుచుకుంది. ఆమె చూపు అఖిల ఉన్న దిక్కుకు తిరిగింది. “నీ బిడ్డ ఖరాబు జేసిందనే చెప్త.”

“చెప్పు.”

నాగేంద్రమ్మ సాల్లో నుంచి ఇటు తిరిగింది.

“రెండేండ్ల పిల్లకు పోనీకె ఊళ్ల పేరు ఏమున్నది అమ్మా,” అంది సావిత్రమ్మ. “మా అత్తకు ఉండె. రేపటి సంది ఆమె పనికి వస్తది. రమ్మని నువ్వే వచ్చి పిలువు. వాడకట్టంత ఇనేటట్లు పిలువు.”

“నేను మీ వాడకు రావాల్నా?”

“పోయినేడు పొమ్మని చెప్పనీకె వచ్చినవు గదా. తొవ్వ తెల్సు నీకు.”

నాగేంద్రమ్మ చేతిసంచిలో నుంచి పుస్తకం తీసి గట్టు మీద పడేసింది. అఖిల పరుగెత్తి తీసుకుంది.

తొమ్మిదింటికి కూలివాళ్లు వచ్చారు. రెండు సాళ్లూ దులపమని నాగేంద్రమ్మ చెప్పింది. మొగ్గలు, గుర్తుకు దారం కట్టిన పచ్చి కాయలు, అన్నీ. కాయ తుంచుతూ కిష్టమ్మ ఆగింది. నిమ్మకాయంత కాయ అది. దాన్ని తిప్పి చూసి, సావిత్రమ్మ వైపు చూసింది.

“పదిహేను దినాల కాయ గూడ నీ బిడ్డ ఒక్క పూటల ఖరాబు జేసిందా?”

“జేసింది.”

“అబ్బ, ఏం పిల్లనే.” కిష్టమ్మ కాయను గంపలో పడేసింది. పక్క కాయకు చెయ్యి చాచింది.

పదిన్నరకు కంపెనీ సారు వచ్చాడు. బోడిగా నిలబడిన రెండు సాళ్లు చూశాడు. చిన్నపిల్ల కాగితాలు పీకిందని నాగేంద్రమ్మ చెప్పింది. పిల్లలను చేన్లలోకి రానివ్వొద్దని నాలుగు మాటలు గట్టిగా చెప్పి, మిగతా సాళ్లు చూసి, బాగున్నాయని చీటీ రాసి పోయాడు. సాయంత్రానికి అఖిలకు ఊళ్లో కాగితాల పిల్ల అని పేరు పడింది.

ఆ సాయంత్రమే నాగేంద్రమ్మ వాడకు వచ్చింది. గుమ్మం దాకా రాలేదు. బోరింగు దగ్గర నిలబడి, “రుక్కమ్మా, రేపటి సంది పనికి రా,” అని అరిచింది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లంతా తల తిప్పారు. రుక్కమ్మ బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. “ఇనవడ్డదా?” అని నాగేంద్రమ్మ ఇంకా గట్టిగా అరిచి తిరిగి పోయింది. అది పిలుపులా లేదు, తిట్టులా ఉంది. అయినా అందరూ విన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం హైదరాబాదు నుంచి వచ్చిన పుస్తకాల సారు శ్రవణ్ కుమార్ తల్లులను వెతుక్కుంటూ చేనుకే వచ్చాడు. బూట్లకు ఎర్రమన్ను. చేతిలో అట్టకు గుచ్చిన కాగితం. సావిత్రమ్మ మొగ్గ విడవకుండానే జవాబు చెప్పింది.

“పుస్తకం పాపకు నచ్చిందా అమ్మా?”

“నచ్చింది.”

“రోజుకు ఎంతసేపు చూపిస్తున్నరు?”

“అన్నం ఉడికే దాక.”

అతను రాసుకున్నాడు. “పుస్తకం వల్ల ఇంట్లో ఏమైనా ఇబ్బంది కలిగిందా? చింపడం, నోట్లో పెట్టుకోవడం, అట్లాంటిది?”

సావిత్రమ్మ గట్టు వైపు చూసింది. నాగేంద్రమ్మ ఇప్పుడు సాలు పట్టడం లేదు. తుమ్మ నీడలో గోనె మీద కూర్చొని కాగితపు గొట్టాలు చుడుతోంది. ఆ పనికి కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు. ఆమె చేతులు ఆగి ఉన్నాయి.

“ఉన్నది,” అంది సావిత్రమ్మ. “నా బిడ్డ ఈ చేన్ల రెండు సాళ్లు ఖరాబు జేసింది. రాసుకో.”

గట్టు మీద గొట్టాలు చుట్టడం మళ్లీ మొదలైంది.

శ్రవణ్ కుమార్ కాగితం పైనుంచి కిందికి వెతికాడు. దానికి గడి లేదు. ‘ఇతరములు’ అన్నచోట ఒక గీత పెట్టి, పుస్తకం నెలాఖరు దాకా ఉంచుకోవచ్చని చెప్పి, తరువాతి ఇల్లు ఎటో అడిగి పోయాడు.

పొద్దు కొంచెం వాలింది. రుక్కమ్మ గట్టు పక్క సాలు పట్టింది. పోయినేడు కూడా అదే కావాలని అడిగింది, ఇవ్వలేదు. గిల్లి, వేలితో తడిమి, కాగితం తొడిగి జరుగుతోంది. పక్క సాల్లో సావిత్రమ్మ.

అఖిల పుస్తకం మోసుకుంటూ గోనె దగ్గరికి పోయింది. నాగేంద్రమ్మ ముందు తెరిచి, రెక్క లేపింది.

“ఎవలు?”

“పో అవుతలికి.”

అఖిల పుటను అరచేత్తో కొట్టింది. “ఎవలు?”

నాగేంద్రమ్మ పుస్తకం గుంజి ముఖం దగ్గరికి తెచ్చింది. వెనక్కి జరిపింది. “పిల్లి.”

అఖిల తల అడ్డంగా ఊపింది. రెక్క మూసింది. మళ్లీ తెరిచింది. “ఎవలు?”

“కుక్క.”

మళ్లీ మూసింది. గంప బొమ్మ ఉన్న పుట అదని సావిత్రమ్మకు సాల్లో నుంచే తెలుస్తోంది. కోడి అని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆమె అనలేదు. రుక్కమ్మ గోరు మొగ్గ మీద ఆగింది. ఆమె కూడా అనలేదు.

“ఎవలు?”

నాగేంద్రమ్మ అటూ ఇటూ చూసింది. ఎవరు ఎంత దూరంలో ఉన్నారో ఆమెకు తెలిసినట్టు లేదు. గొంతు తగ్గించి, పిల్ల ముఖంలో ముఖం పెట్టి, “కానొస్తలేదే నాకు,” అంది.

పెద్దమనిషి చివరకు ఏదో జవాబు చెప్పిందని అఖిలకు అర్థమైంది. రెండు చేతులూ గట్టిగా చరిచింది.

“శాబాస్!”

సావిత్రమ్మ గోరు పక్క మొగ్గ చుట్టూ తిరిగింది. రేకులు చేతిలోకి వచ్చాయి.

“కాగితాలు అయిపోయినయి అమ్మా,” అంది రుక్కమ్మ, గట్టు వైపు తిరగకుండానే. “జర జల్ది చుట్టు.”